బ్రౌజరు బొమ్మల నిలువ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



గ్రంథాలయములందు కంప్యూటరు ప్రవేశించిన పిదప పాఠకుల నోట రెండు ప్రశ్నలు తరచుగా వినవచ్చుచున్నవి. మొదటిసారి తెరచినప్పుడు బొమ్మలు పైనుండి క్రిందికి మెల్లమెల్లగా దిగిన పుటయే, రెండవసారి తెరచునప్పటికి రెప్పపాటులో నిండుగా కన్పట్టుటకు కారణమేమి? ఇది యొకటి. పట్టణముననున్న కొడుకు “బాపూ, బొమ్మ మార్చిన, చూడు” అని ఫోనులో చెప్పుచుండగా, ఊరిలోని తండ్రికి ఆ పాత బొమ్మయే మరల మరల కన్పట్టుటకు కారణమేమి? ఇది రెండవది. ఒకటి లాభము, ఒకటి నష్టము. విచారించి చూడగా రెండును ఒకే మూలము నుండి పుట్టినవి. బ్రౌజరు బొమ్మను పేరు చేత గుర్తించునే కాని రూపము చేత గుర్తింపదు. ఈ ఒక్క సంగతి తెలిసినవారికి తక్కినదంతయు సులభముగా బోధపడును.

దీనికి ధర్మపురి వాకిటనే మంచి పోలిక దొరకును. శేషప్పకవి నరసింహ శతకము వినని చెవి ఈ గోదావరీతీరమున అరుదు. సీసము వెంట సీసము మారుచుండును. మకుటము మాత్రము అదియే. ఆ శతకమును అచ్చువేసినవారిలో కొందరు మొదటి పద్యము క్రింద మకుటమును పూర్తిగా వేసి, తరువాతి పద్యముల క్రింద దాని తొలి అక్షరమును మాత్రము వేసి విడిచిరి. చదువరికి అది చాలును. అక్షరమును కన్ను చూడగనే మకుటమంతయు నోటికి వచ్చును. కాగితము మిగిలెను, పద్యము మాత్రము తరుగలేదు. బ్రౌజరు చేయు పనియు ఇట్టిదే.

వెబ్ పుట యనగా బొమ్మలు అతికించిన కాగితమని చాలమంది తలంతురు. అది నిజము కాదు. సర్వరు నుండి మొదట వచ్చునది వట్టి అక్షరముల చీటీ. బొమ్మ ఉండవలసిన తావున ఆ చీటీలో బొమ్మ ఉండదు. బొమ్మ దొరకు చిరునామా మాత్రము వ్రాసియుండును. అక్షరముల నడుమ బొమ్మను నిలుపు ఈ గుర్తును 1993 ఫిబ్రవరిలో, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన మార్క్ ఆండ్రీసన్ ప్రతిపాదించెను. ఆ యేడే వెలువడిన మొజాయిక్ అను బ్రౌజరుతో అది లోకమునకు అలవాటయ్యెను. అంతకుముందు బొమ్మను వేరొక కిటికీలో తెరచి చూచుటయే సామాన్యముగా నుండెను.

చీటీ చేతికందగనే బ్రౌజరు పైనుండి చదువుకొనుచు పోవును. బొమ్మ చిరునామా తగిలినచో సర్వరునకు కబురంపి ఆ బొమ్మను తెప్పించుకొనును. అదే చిరునామా ఆ పుటలోనే మరల తగిలినచో మరల కబురంపదు. తెరచియున్న ప్రతి పుటకును, అప్పటికి చేతికందిన బొమ్మల పట్టిక యొకటి దానికడ ఉండును. వెబ్ పుటల రచనకు నియమములు చెప్పు ప్రామాణిక గ్రంథముననే ఈ పట్టిక విధానము వివరింపబడియున్నది. ఇందొక విశేషము కలదు. “ఈ బొమ్మను దాచవద్దు” అని సర్వరు నిషేధించినను, పుట తెరచియున్నంతసేపు ఈ పట్టిక పనిచేయును. ఒక పుటలో పదిచోట్ల నుండు ఒక బొమ్మను పదిమార్లు తెచ్చుట వెఱ్ఱితనమని ఆ నియమకర్తలు తలచిరి కాబోలు.

లెక్క వేసి చూచిన దీని విలువ తేటపడును. మండలముల పట్టిక యొకటి ఉన్నదనుకొందురు గాక. ముప్పది వరుసలు, వరుసకొక చిన్న గుర్తుబొమ్మ. ఆ గుర్తు 2 కిలోబైట్లు. ముప్పదిసార్లు తెప్పించిన 60 కిలోబైట్లు. ఒక్కసారి తెప్పించిన 2 మాత్రమే. పెద్ద బొమ్మల విషయమున ఇంకొక పొదుపు కలదు. బొమ్మ దారిలో నడచునప్పుడు మూట కట్టినట్లు అణచబడి యుండును. తెరపై చూపుటకు ముందు దానిని విప్పవలెను. అడ్డము 1,000 చుక్కలు, నిలువు 800 చుక్కలు గల బొమ్మను విప్పగా 8,00,000 చుక్కలగును. చుక్కకు 4 బైట్ల చొప్పున 32,00,000 బైట్లు జ్ఞాపకమున పట్టును. ఒకసారి విప్పినదానిని పదిచోట్లను వాడుకొనినచో పదిమార్లు విప్పు శ్రమయు తప్పును. చౌక ఫోను వేడెక్కకుండుటకు, దాని బ్యాటరీ సాయంకాలము వరకు నిలుచుటకు ఇదియు నొక కారణము.

ఇంతవరకు చెప్పినది పుట తెరచియున్నంతసేపటి మాట. పుట మూసిన పిదపను బ్రౌజరు బొమ్మలను పారవేయదు. వానిని చిరునామాతో సహా కంప్యూటరులోనే ఒక మూల దాచుకొనును. ఈ దాపును ఆంగ్లమున కాష్ అందురు. నగదు అను అర్థము గల మాటయు చెవికి ఇట్లే వినబడును గాని అది వేరు. ఈ కాష్ దాచుట యను అర్థము గల ఫ్రెంచి ధాతువు నుండి వచ్చినది. 1968లో ఐబీఎం కంపెనీవారు తమ పెద్ద యంత్రమొకదానిలో వేగము కొఱకు పెట్టిన చిన్న జ్ఞాపకపు అరకు ఈ పేరు పెట్టిరి. అటనుండి వెబ్ లోకమునకు వ్యాపించినది. తెలుగున నిలువ యనిన సరిపోవును. గింజల నిలువ యని రైతులు అనునది ఈ మాటనే. నిలువకొట్టు నిండినప్పుడు బ్రౌజరు, చాలకాలముగా ఎవరును అడుగని బొమ్మలను ముందుగా తీసివేసి క్రొత్తవానికి చోటు చేయును.

దూరము తలచుకొనినచో నిలువ విలువ మరింత తెలియును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను ఈ ప్రాంతపు విద్యార్థులు ఎందరో చదువుచున్నారు. దాని ప్రధాన సర్వరులలో పెక్కు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున నున్నవి. కరీంనగరునకును ఆ తావునకును ఇంచుమించు 13,000 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు ఇంచుమించు 2,00,000 కిలోమీటర్లు పోవును. కాబట్టి కబురు పోయి వచ్చుటకే సెకనులో ఎనిమిదవ వంతు గడచును. ఒక్క కబురైన ఫరవాలేదు. పుటలో నలువది బొమ్మలుండి, కబురు వెంట కబురు నడువవలసివచ్చినచో పాఠకుని ఓర్పు తీరిపోవును. అందుచేత ఆ సంస్థవారు 2018లో సింగపూరున ఒక నిలువకేంద్రము నేర్పరచిరి. అది 3,300 కిలోమీటర్ల దూరము. రాకపోకలకు సెకనులో ముప్పదియవ వంతు. అయినను అన్నిటికంటె దగ్గరి నిలువ పాఠకుని బల్లమీదనే యున్నది. దానికి దూరము లేదు, డేటా ఖర్చు లేదు. ఉట్నూరు అడవులలో గాలివాటున సిగ్నలు వచ్చిపోవు పల్లెలలో, చదువుకొను పిల్లకు ఇది చిన్న మేలు కాదు.

ఇక చిక్కు ఎక్కడ వచ్చుచున్నది? నిలువలోనున్న బొమ్మ ఇంకను చెల్లునా, చెల్లదా యను నిర్ణయమునందు.

పహాణీ నకలు ఎఱిగినవారికి ఇది క్రొత్త విషయము కాదు. 1984లో పదవులు రద్దగువరకు పటేలు పట్వారీల కాలమున, తరువాతి కాలములందును, పంటఋణమునకై రైతు పహాణీ నకలు తీసికొని బ్యాంకునకు పోవుట వాడుక. నకలు పుట్టిన నాటికి అది అసలుతో సమానము. మరునాడు భూమి చేతులు మారినచో అసలు మారును. రైతు సంచిలోని నకలునకు ఆ సంగతి తెలియదు. కనుక నకలును నమ్ముటకు రెండు దారులు గలవు. ఇన్ని దినముల వరకు దీనిని అడుగకయే నమ్మవచ్చునని గడువు పెట్టుట ఒకటి. గడువు దాటిన పిదప కచేరికి పోయి “ఈ తేదీ నకలు తరువాత మార్పు జరిగినదా?” యని అడుగుట రెండవది. మార్పు లేదని గుమాస్తా ఒక్కమాట చెప్పిన చాలును. మరల మొదటినుండి నకలు వ్రాయనక్కరలేదు.

వెబ్ నియమములు సరిగా ఇట్లే ఉన్నవి. సర్వరు బొమ్మను పంపునప్పుడు దానితో మ్యాక్స్-ఏజ్ అను గడువును సెకన్లలో వ్రాసి పంపవచ్చును. 86,400 అని యున్నచో ఒక దినము. ఆ దినము లోపల బ్రౌజరు సర్వరును పలుకరింపనైన పలుకరింపదు. గడువు తీరిన పిదప అడుగును గాని, వట్టిచేతులతో అడుగదు. బొమ్మ వచ్చినప్పుడు దానితో అందిన ఈట్యాగ్ అను గుర్తును చూపి అడుగును. ముటేషను సంఖ్య చూపి అడిగినట్లే. గుర్తు మారకయున్నచో సర్వరు 304 అను సంఖ్యతో బదులు చెప్పును. ‘మారలేదు’ అని దాని భావము. బొమ్మ దారి నడువదు, సంఖ్య మాత్రము నడచును. చివరి మార్పు తేదీని చూపి అడుగు పద్ధతియు, 304 బదులును 1996 నాటి నియమావళిలోనే యున్నవి. గడువును సెకన్లలో చెప్పుటయు, ఈట్యాగును 1997 నాటి నియమావళిలో చేరినవి. నిలువకు సంబంధించినవానిని 2022 జూన్‌లో మరల సరిచూచి ప్రకటించిరి.

సర్వరు గడువు చెప్ప మరచిన నేమగును? అప్పుడు బ్రౌజరు తానే ఊహించును. బొమ్మ చివర మారి ఎంతకాలమైనదో దానిలో పదవ వంతు గడువుగా తీసికొనుట వాడుక. నూరు దినములుగా మారని బొమ్మ మరి పదిదినములు మారదని దాని నమ్మిక. పల్లెలో పెద్దలు చెప్పు లెక్కవంటిదే గాని, తెలివైన లెక్క.

ఇందలి ప్రమాదము వర్షకాలమున తెలియును. 2022 జూలైలో నిర్మల్ జిల్లాలోని కడెం జలాశయమునకు ఇంచుమించు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. గేట్ల గుండా వదలగలిగినది ఇంచుమించు 3 లక్షలు మాత్రమే. దిగువ గ్రామములవారిని రాత్రికి రాత్రి ఇండ్లు విడిపించి పంపవలసివచ్చెను. అట్టి రాత్రులందు వాతావరణశాఖవారి రాడారు చిత్రమును ఫోనులో మరల మరల చూచుట ఇప్పుడు పల్లెలకును అలవాటైనది. ఆ చిత్రము స్వభావమేమి? దాని చిరునామా మారదు. లోపలి మబ్బులు మాత్రము పది పదిహేను నిమిషముల కొకసారి మారుచుండును. పేరు నిలుచును, రూపము మారును. బ్రౌజరు నమ్మునది పేరునే గదా! సర్వరు పొడుగు గడువు వ్రాసి పంపినను, ప్రొద్దున తెరచిన పుటను మూయకయే సాయంకాలము మరల ఆ కిటికీనే చూచినను, కన్నులయెదుట నుండునది గడచిపోయిన ఆకాశము. చూచువాడు మబ్బు విడిపోయినదనుకొనును. అప్పటికి ఎగువన బోథ్ వైపున ఏమి కురియుచున్నదో ఆ బొమ్మకు తెలియదు.

పాత బొమ్మ పాతదిగా కన్పట్టదు. ఇదియే ఇందలి కష్టము. పాత పహాణీ నకలు పసుపుబారును, అంచులు చినుగును, చూడగనే వయస్సు తెలియును. నిలువలోని బొమ్మకు వన్నె తరుగదు. కనుక రాడారు చిత్రమును చూచువారు మొదట మబ్బులను గాక చిత్రముపై ముద్రించిన కాలమును చూడవలెను. అది గ్రీనిచ్ కాలమైనచో 5 గంటల 30 నిమిషములు కలుపుకొనవలెను. కాలము పాతదని తోచినచో పుటను మరల తెప్పింపవలెను. కంప్యూటరున కంట్రోల్, షిఫ్ట్ మీటలను నొక్కిపట్టి ఆర్ అక్షరమును నొక్కినచో, క్రోము, ఫైర్‌ఫాక్సు బ్రౌజరులు నిలువను ప్రక్కకు నెట్టి అన్నిటిని సర్వరునుండియే తెచ్చును. ఊరక వెనుకకు పోయి ముందుకు వచ్చినంత మాత్రమున ఆ పని జరుగదు. అట్లు చేయునప్పుడు బ్రౌజరు నిలువనే మరింత నమ్మును.

ఇది చూచువారు చేయవలసినది. బొమ్మలు పెట్టువారు చేయవలసినది ఇంకొకటి కలదు. ఫోనులోని కొడుకునకు కావలసినది అదియే. సర్వే నంబరు 112 గల చెలక అన్నదమ్ముల నడుమ పంచబడినచో ఏమి చేయుదురు? 112/అ, 112/ఆ అని క్రొత్త పేర్లు పెట్టుదురు. పాత 112 నకలు చూపి క్రొత్త పాలు అడుగు వీలు ఎవరికిని ఉండదు. బొమ్మల విషయమునను ఇదే ఉత్తమమైన దారి. మార్చిన బొమ్మను పాత పేరుతో పెట్టరాదు. పేరు చివర తేదీయో, సంఖ్యయో చేర్చి క్రొత్త పేరు పెట్టి, పుటలోని చిరునామాను దాని ప్రకారము దిద్దవలెను. బ్రౌజరునకు అది ఎన్నడును చూడని పేరు. కాబట్టి వెంటనే తెప్పించును. పాతది నిలువలో పడియున్నను బాధ లేదు. పెద్ద సంస్థలవారు బొమ్మలోని బైట్లనుండియే ఒక సంఖ్యను లెక్కించి పేరులో చేర్చి, గడువు ఏకముగా ఒక సంవత్సరము వ్రాయుదురు. లోపలిది మారినచో పేరు తప్పక మారును గనుక వారికి భయము లేదు. గ్రంథాలయ ప్రకటనలను, పరీక్షల కాలపట్టికలను బొమ్మలుగా పెట్టు యువకులు ‘నోటీసు’ అను ఒక్క పేరునే ఏండ్ల తరబడి వాడుట మానినచో, బస్సెక్కి పాత తేదీకి పరీక్షకు పోయిన పిల్లవాని కథలు తగ్గును.

పేరును బట్టియే గుర్తింపు గనుక ఇంకొక వింత కూడ కలదు. ఒకే బొమ్మను రెండు పేర్లతో రెండుచోట్ల పెట్టినచో బ్రౌజరు రెండుసార్లు తెప్పించును. నిర్మల్ కొయ్యబొమ్మ ఛాయాచిత్రము అక్షరాల ఒకటే యైనను సరే, చిరునామా వేరైనచో అది దానికి పరాయిదే. ఇటీవల ఈ పరాయితనము మరింత పెరిగినది. పూర్వము ఒక స్థలమునకు పోయినప్పుడు దాచిన బొమ్మ, అదే చిరునామాతో మరియొక స్థలపు పుటలో కన్పట్టినచో నిలువనుండియే తీసి చూపెడివారు. 2013లో సఫారీ, 2020 అక్టోబరు నుండి క్రోము, 2021 జనవరిలో ఫైర్‌ఫాక్సు ఆ ఉమ్మడి నిలువను విడదీసి, ఏ స్థలమునకు ఆ స్థలమే వేరు అర యని నియమించుకొనినవి. కొంత డేటా వృథాయైనను ఎందుకిట్లు చేసిరి?

ఉమ్మడి నిలువ చాడీలు చెప్పును గనుక. బొమ్మ వెంటనే వచ్చినదా, ఆలస్యముగా వచ్చినదా యను కాలభేదమును కొలిచి, ఆ పాఠకుడు ఇంతకుముందు ఏ స్థలమునకు పోయెనో ఇతర పుటలు పసిగట్టవచ్చును. ఎడ్వర్డ్ ఫెల్టెన్, మైకేల్ ష్నైడర్ అను ఇద్దరు ఈ సంగతిని 2000లోనే వ్రాసి చూపిరి. లోకము చెవినబెట్టుటకు ఇరువదియేండ్లు పట్టెను. వడ్డీ లెక్కలకు ఉమ్మడి ఖాతా పుస్తకము వాడిన ఇండ్లలో ఎవరెంత అప్పు తెచ్చిరో అందరికి తెలిసినట్లే ఇదియు.

చివరగా గ్రంథాలయపు కంప్యూటరును గూర్చిన మాట. అది పదిమంది వాడునది. ఒకరు వచ్చి భూమి పత్రము బొమ్మను తెరచి చూచుకొందురు. ఇంకొకరు కూతురి మార్కుల పత్రమును, మరియొకరు వైద్యపరీక్షల చిత్రమును చూచుకొందురు. కిటికీ మూసి లేచిపోయినంత మాత్రమున ఆ బొమ్మలు పోవునను నమ్మకము లేదు. దాచవద్దని సర్వరు నో-స్టోర్ అను ఆజ్ఞ వ్రాసి పంపినచో బ్రౌజరు వానిని నిలువకొట్టున పెట్టదు. అందరు సర్వరులవారును అంత శ్రద్ధ వహింపరు. నో-కాష్ అను మరియొక ఆజ్ఞ కలదు; పేరు చూచి దాచదనుకొని మోసపోరాదు. దాచుకొనవచ్చును గాని, అడుగకుండ వాడరాదని దాని అర్థము. ఈ పేరు పెట్టినవారెవరో గాని చదువరుల మీద దయ తలంపలేదు.

కాబట్టి గ్రంథాలయమున సొంత పత్రములు చూచువారు ప్రైవేటు కిటికీని తెరచి చూచుట మేలు. ఆ కిటికీ నిలువ వేరుగా నుండును; అట్టి కిటికీలన్నిటిని మూసినచో ఆ నిలువయు తుడిచిపెట్టుకొని పోవును. మామూలు కిటికీలో చూచినవారు కంట్రోల్, షిఫ్ట్ మీటలతో డిలీట్ మీటను నొక్కి, దాచిన బొమ్మలు అను గడిని గుర్తుపెట్టి తుడిచివేయవచ్చును. సాయంకాలము తలుపు వేయుటకు ముందు గ్రంథపాలకుడు ఆ పని తానే చేసినను మంచిదే; మరునాటి ఉదయము మొదటి పాఠకునకు పుటలు కొంచెము ఆలస్యముగా తెరచుకొనును, అంతే. అయితే ఎవరైనను పత్రమును దింపుకొని డౌన్‌లోడ్స్ అరలో పెట్టినచో, అది నిలువలోని వస్తువు కాదు. ఈ రెండు పద్ధతులలో దేనిచేతను అది పోదు. ఆ అరను తెరచి చేతితో తీసివేయవలెను.